మట్టి బసవన్న: చేతిపనిని గూర్చిన ఒక పాఠము



పాల్కురికి సోమనాథుడు బసవపురాణమునందు కీర్తించిన భక్తులలో కుమ్మరి గుండయ్య ఒకడు. కన్నడమున హరిహరకవియు ఆయనపై ఒక రగళెను రచించెను. కుండలు చేయుచు, ఆ కుండలనే వాద్యముగా మ్రోగించుచు గుండయ్య శివుని కొలుచుచుండగా, ఆ మ్రోతకు పరవశించి శివుడు దిగివచ్చి నర్తించెనని కథ. ఈ కథ వినని వీరశైవ గృహము ఉండదు. నేనును బాల్యమునుండి వింటిని; ఉపాధ్యాయుడనై ఆర్మూరు పిల్లలకు చెప్పితిని. కాని కుండలు చేయువాడు కుండను కొట్టనేల అను ప్రశ్న 63 ఏండ్లు వచ్చువరకు నాకు తోచలేదు.

సమాధానము కుమ్మరివాడలో ఎవరినడిగినను చెప్పుదురు. మన ప్రాంతమున గుండ్రని అడుగుగల కుండ సారెమీద పూర్తి కాదు. సారెమీద కుమ్మరి మెడను, అంచును మాత్రము చక్కగా తీర్చి, గోడను దళసరిగా విడిచి, దారముతో కోసి దింపును. అప్పటికి దానికి అడుగే ఉండదు. మట్టి కొంత బిగిసిన పిమ్మట ఎడమచేత రాతి దిమ్మెను లోపల ఆనించి, కుడిచేతి చెక్కపలకతో వెలుపల కొట్టుచు, దళసరి మట్టిని క్రిందికి సాగదీసి అడుగు మూయును. ఒక్క పర్యాయమున ఇది తెమలదు. కొంతసేపు ఆరనిచ్చి మరల కొట్టవలెను, మరల ఆరనిచ్చి మరల కొట్టవలెను. కొట్టిన కొలది గోడ పలుచనగును, కడుపు పెద్దదగును, మ్రోత మారును. దళసరిగా ఉన్నచోట మొద్దుగా పలుకును. పలుచనైనచోట తేటగా పలుకును. కుమ్మరి కన్ను లోపలికి చేరదు. అందుచేత చేయియు చెవియే ఆయనకు కన్నులు.

ఈ సంగతి తెలిసిన నాటినుండి గుండయ్య కథ నాకు వేరుగా వినబడుచున్నది. ఆయన పని ఆపి పూజకు కూర్చుండలేదు. పనిలో పుట్టు చప్పుడే పూజగా నడచినది. కాయకమను మాటకు ఇంతకంటె దగ్గరి ఉదాహరణము నాకు తెలియదు. మడివాళ మాచయ్య బట్టలుతికెను, అంబిగర చౌడయ్య పడవ నడపెను, నులియ చందయ్య త్రాళ్ళు పేనెను. వీరందరిని మనము శరణులని తలపై పెట్టుకొందుము. మన తెలుగు కవయిత్రి మొల్లయు తన తండ్రి కేసన శివభక్తిని, జంగమసేవను గొప్పగా చెప్పుకొన్నది. అయినను ఆ పనులను మన పిల్లలచేత చేయింతుమా? ఇక్కడ నా ఇంటి మాట చెప్పక తప్పదు.

ఆర్మూరు నవనాథ సిద్ధుల గుట్ట క్రింది ఊరు. చుట్టును పసుపు చేలు. శ్రావణ బహుళ అమావాస్యనాడు, అనగా పొలాల అమావాస్యకు, ఎడ్లున్నవారు వానిని కడిగి అలంకరించి పూజింతురు. లేనివారు మట్టి ఎడ్లను పెట్టుకొందురు. ఆ పండుగకు ముందు నేను కుమ్మరి ఇంటినుండి పిడికెడు మట్టి తెచ్చుకొని బసవన్నను చేయుచుండగా మా నాయన చూచి, "మన్ను పిసుకుడు మన పనారా?" అని కసరెను. ఆ రాత్రియే ఆయన మాకు గుండయ్య కథను కన్నులు చెమర్చగా చెప్పెను. ఆయనను నిందించుటకు ఇది వ్రాయుటలేదు. నేను ఉపాధ్యాయుడనైన పిదప చేతిపనుల తరగతిలో మట్టి తెచ్చుటకును, తడిపి తొక్కుటకును కుమ్మరివారి బాలునే పంపుచుంటిని. తక్కిన పిల్లలు బొమ్మలు చేసెడివారు. తప్పని నాకప్పుడు తోచలేదు.

ఉద్యోగ విరమణానంతరము ఒక సంవత్సరము హైదరాబాదులో కుమార్తె ఇంట ఉంటిని. ఆ వీధిలోనే మట్టిపని నేర్పు శిక్షణాలయము ఒకటి ఉండెను. ఇట్టివి ఇప్పుడు పెద్ద నగరములలో పెక్కు వెలసినవి. వీనికి పూర్వము కొంత చరిత్ర కలదు. సర్దార్ గురుచరణ్ సింగ్ 1919లో జపానునకు వెళ్ళి అచటి కుమ్మరపనిని అభ్యసించి వచ్చి, ఢిల్లీలో పని సాగించి పలువురికి నేర్పెను. పుదుచ్చేరిలో రే మీకర్, డెబొరా స్మిత్ అను ఇరువురు 1971లో స్థాపించిన గోల్డెన్ బ్రిడ్జ్ పాటరీలో దేశపు నలుమూలలనుండి వచ్చినవారు నేర్చి, తమ ఊళ్ళలో తామే కొలుములు పెట్టుకొనిరి. కులవృత్తి కానివారు ఈ పనిని కోరి నేర్చుకొను మార్గము ఇట్లు ఏర్పడినది.

నేను చేరిన చోట మొదటి నెలలో సారెను ముట్టనీయలేదు. నేర్పునది నా కూతురి ఈడు అమ్మాయి. "ముందు చేతులతో నేర్చుకోండి అంకుల్, సారె ఎక్కడికీ పోదు" అనెను. తోటి విద్యార్థులలో కంప్యూటరు ఉద్యోగులు, ఒక బ్యాంకు గుమస్తా, ఒక ఇల్లాలు, ఇంటరు చదువు పిల్లలు ఉండిరి. గోనెగుడ్డ పరచిన పొడవాటి బల్లచుట్టు అందరము కూర్చుండెడివారము. పేరు, ఊరు తప్ప ఎవరి కులమును ఎవరును అడుగలేదు. అడుగుటకు తీరికయు లేదు; చేయి నిండ మట్టి.

అచ్చటి నియమములు కొన్ని చెప్పదగినవి. పొడి చీపురుతో ఊడ్వరాదు. ఎండిన మట్టిదుమ్ములో సిలికా రేణువులుండును. ఏండ్ల తరబడి పీల్చినచో ఊపిరితిత్తులు చెడును. కావున తడిగుడ్డతోనే తుడువవలెను. చెడిన వస్తువును, రాలిన ముక్కను పారవేయరాదు. అన్నియు ఒక తొట్టిలో నానును. నాలుగు వారములకు ఆ మట్టియే మరల బల్లమీదికి వచ్చును. కాల్చనంతవరకు మట్టిలో వ్యర్థమన్నది లేదు; కాలిన పిమ్మట అది మరల మట్టి కాదు. ప్రతివాడును తన వస్తువు అడుగున తన గుర్తు గీయవలెను. అన్నిటికంటె ముఖ్యమైనది, కొలిమి అందరిది. 15 మంది వస్తువులు ఒకే కొలిమిలో, ఒకే రాత్రి కాలును. ఈ నియమమును నేను తేలికగా తీసికొంటిని.

చేతితో కట్టు పద్ధతులు మూడు. మొదటిది గిల్లుడు. నారింజపండంత ముద్దను అరచేత పట్టి, నడుమ బొటనవ్రేలు దింపి, త్రిప్పుచు గోడను వ్రేళ్ళనడుమ నొక్కుచు పోయిన ప్రమిదయో చిన్న గిన్నెయో వచ్చును. రెండవది మట్టిని త్రాడువలె పొడవుగా పేని, చుట్టమీద చుట్ట పేర్చి, కీళ్ళను లోపల వెలుపల మెత్తుట. పెద్ద గోలెములు సయితము ఇట్లు కట్టవచ్చును. మూడవది రొట్టెవలె ఒత్తి, ముక్కలు కోసి, పెట్టెవలె అతుకుట. మూడింటికిని ప్రాణము అతుకులో ఉన్నది. అతుకవలసిన రెండు తావులను గీతలు గీసి గరుకు చేసి, నీళ్ళలో కలిపిన పలుచని మట్టి పూసి, అటునిటు కదలించి నొక్కవలెను. రెండు ముక్కలకును ఒకే పదును ఉండవలెను. ఒకటి తడిగాను మరొకటి ఎండియు ఉన్నచో ఎంత నొక్కినను ఆరునపుడు విడిపోవును. పదునన్న మాట రైతులకు వేరుగా చెప్పనక్కరలేదు. దుక్కికి పదును ఉన్నట్లే మట్టిపనికిని పదును ఉన్నది. చేతికి అంటనిది, వంచినపుడు చిట్లనిది పిసుకుటకు పదును. తోలువలె బిగిసినది అతుకుటకు, చెక్కుటకు పదును.

రెండవ నెలలో నాకు బసవన్నను చేయు కోరిక కలిగినది. చిన్ననాటి బసవన్నయే. ముద్ద మొండెము, నాలుగు కాళ్ళు, మూపురము, కొమ్ములు. జానెడు పొడవు. చూచినవారందరు మెచ్చిరి. కొలిమికి ఎక్కించునాడు గురువుగారు, "లోపల తొలిచారా అంకుల్?" అని అడిగిరి. తొలువలేదు. చిన్నప్పుడు ఎన్ని చేయలేదు, ఏదైనను పగిలినదా అను ధీమాతో తల ఊపితిని. అబద్ధమాడితినని అప్పుడు నేను అనుకొనలేదు. తల ఊపుట మాట కాదు గదా!

మరునాడు కొలిమి తెరచునప్పటికి నా బసవన్న లేడు. పిడికెడు పెంకులు మాత్రము ఉండెను. మొండెము పేలి, ప్రక్క పలకపై ఒక అమ్మాయి తన చెల్లెలి పెండ్లికని చేసిన 12 దీపంతలలో 9 పగిలినవి. ఎవరును నన్ను ఏమియు అనలేదు. ఆ అమ్మాయి పెంకులను ఏరి ఒక కాగితములో చుట్టుకొనెను. తల ఊపినది అబద్ధమేనని అందరి ఎదుట చెప్పితిని. 40 ఏండ్లు పిల్లలకు సత్యమును గూర్చి పాఠములు చెప్పిన నోటికి ఆ వాక్యము ఎంత బరువైనదో నాకే తెలియును.

పేలుటకు కారణము లోపల చిక్కిన గాలియని పలువురు చెప్పుదురు. గాలి ఒక్కటియే అంతపని చేయదు. నీరు చేయును. పైకి ఎండినట్లు కనబడిన మట్టిలోపల తేమ మిగిలియుండును. కొలిమిలో వేడి 100 డిగ్రీలు దాటగానే ఆ తేమ ఆవిరియై అనేకరెట్లు పెరుగును. గోడ పలుచనైనచో ఆవిరి మెల్లగా వెలుపలికి పోవును. పిడికెడు మందమున్నచోట దారి దొరకక చీల్చుకొని వచ్చును. చిన్ననాటి నా బసవన్నలు పగులకుండుటకు కారణము మరొకటి కాదు. వానిని ఎన్నడును కాల్చలేదు. పండుగ కాగానే చెరువులో కరిగిపోయెడివి. కాలని విద్యను కాలినదానిగా ఎంచితిని.

ఆర్మూరువాడనై ఇది ముందే తెలిసికొనవలసినది. పసుపు త్రవ్వినపిదప కొమ్ములను, మండలను వేరు చేసి ఉడికించుట మనకు తెలిసినదే. అంగడిలో కాడి అనియు గోళ అనియు అనెడివి ఇవియే. కలిపి ఉడికించినచో సన్నని కొమ్ము చెదరునప్పటికి లావైన మండ లోపల పచ్చిగనే ఉండును. మందము వేరైనచో కాలము వేరు. ఆరబెట్టుటయు అంతే, కల్లములో 10, 15 దినములు ఎండిన కొమ్మును విరిచి, టక్కుమన్న చప్పుడు విన్న పిమ్మటనే రైతు నమ్మును. పైరంగును చూచి నమ్మడు. (పసుపునకు బోర్డు 2025 జనవరిలో నిజామాబాదునకు వచ్చినది. సంతోషమే. మట్టిని ఎరిగినవారికి అట్టి అండ ఎన్నడు వచ్చునో!)

మన పూర్వులకును ఇది తెలియనిది కాదు. మెదకు సీమలోని కొండాపురమున 1940వ దశకమునందు నిజాము రాష్ట్ర పురావస్తుశాఖవారు త్రవ్వకములు జరుపగా, శాతవాహనుల కాలపు తెల్లమట్టి బొమ్మలు బయల్పడినవి. రెండు అచ్చులలో ముందుభాగమును వెనుకభాగమును వేరుగా తీసి, అతికి, లోపల డొల్లగా ఉంచిన బొమ్మలు పెక్కు వానిలో ఉన్నవి. రమారమి 1800 ఏండ్ల క్రిందటి పనివాని చేతికి తెలిసినది నాకు తెలియలేదు.

రెండవ బసవన్నను చేసిన విధము చెప్పెదను; ఇంట పిల్లలచేత చేయింపదలచువారికి ఉపకరించును. పావుకిలో ముద్దలు రెండు తీసికొని రెండు గిన్నెలుగా గిల్లవలెను. గోడ మందము చిటికెనవ్రేలి మందము దాటరాదు. రెండు అంచులను గరుకు చేసి, పలుచని మట్టి పూసి, మూతికి మూతి చేర్చి అతికినచో కోడిగ్రుడ్డువంటి డొల్ల ఏర్పడును. లోపలి గాలి మెత్తవలె ఆనియుండుటచేత వెలుపలినుండి తట్టి ఆకారము దిద్దవచ్చును. గుండయ్య చేతిలోని రాతి దిమ్మెకు ఇచ్చట గాలియే బదులు. కాళ్ళు, మూపురము, మెడ, తల వేరుగా చేసి, మొండెము తోలువలె బిగిసినపుడు అతుకవలెను. తలను కూడ పుల్లతో లోపల తొలువవలెను. చివరకు కడుపు క్రింద సూదితో ఒక రంధ్రము పొడువవలెను. ఇది మరచినచో పడిన శ్రమ వృథా.

మట్టిని గూర్చి ఒక మాట. మన నల్లరేగడి ఒంటిగా పనికిరాదు. నీటిని విశేషముగా పీల్చి ఉబ్బి, ఆరునపుడు అంతగనే కుంచించుకొని నెఱ్ఱెలు విచ్చును. చెరువు ఒండ్రులో సన్నని ఇసుక, జల్లించిన బూడిద కలిపినచో బిగువు కుదురును. మట్టి తడినుండి కాలువరకు సామాన్యముగా నూటికి 8 మొదలు 12 పాళ్ళు కుదించును. కొలతకు చేయువారు ఇది లెక్కించుకొనవలెను. ఆరబెట్టుట నీడలో, గుడ్డ కప్పి, వారము పది దినములు. కొమ్ములు, చెవులు ముందుగా ఆరి చిట్లును గనుక వానిపై తడిగుడ్డ చుట్టుట మంచిది. కొలిమిలో 100 డిగ్రీలు దాటువరకు గంటల తరబడి మందముగా వేడిచేసి, 600 దాటు వరకు తొందరపడక, 950 లేక 1000 వద్ద నిలుపుదురు. చల్లారక తెరువరాదు. రంగు మెరుగు పూసిన పాత్రలో తినదలచినచో ఆ మెరుగులో సీసము లేదని రూఢి చేసికొనవలెను. నూనె దీపమునకు మెరుగే అక్కరలేదు.

పగిలిన 9 దీపంతలను నేనే చేసి ఇచ్చితిని. మొదటి మూడింటిని ఆ అమ్మాయి, "అంచు ఒకవైపు లావుగా ఉంది అంకుల్" అని తిరిగి తొట్టిలో వేసెను. నా విద్యార్థుల నోటుపుస్తకములపై నేను పెట్టిన ఎర్రగీతలు జ్ఞాపకమునకు వచ్చినవి.

ఆ శిక్షణాలయమునకు నేను ఋణపడితిని. అయినను అచ్చట ఒక లోటు కనబడినది. వారి మట్టి సంచులలో కట్టి వచ్చును. అది ఏ చెరువుదో ఎవరికిని తెలియదు. వారి గోడమీద ఉష్ణమాపకము ఉన్నది, మట్టిని చెవితో వినువాడు లేడు. మా ఊరి కుమ్మరి ఇంట చెవి ఉన్నది, నేర్చుకొనువాడు లేడు. ఈ రెండు ఇండ్లనడుమ దారి పడవలెనని నా తలంపు. ఆ దారిన పోవువారు విద్యార్థులుగా పోవలెను, దయతలచువారుగా కాదు.

ఊరికి తిరిగి వచ్చిన యేడు పొలాల అమావాస్యకు ముందు కుమ్మరివాడకు పోయితిని. నా బాల్యమున మట్టి ఇచ్చిన ఇంటి పెద్దకు ఇప్పుడు ఎనుబది దాటినవి. కుమారులలో ఒకడు గల్ఫునకు పోయెను, మరొకడు ఆటో నడుపును. సారె ఒక మూల ఉన్నది. ఐరేని కుండలకు, బోనాలకు, దీపావళికి మాత్రము పని. నేను అరుగుపై కాక క్రింద ఆయన ప్రక్కనే కూర్చుండగా ఆయన కొంత ఇబ్బందిపడెను.

"కాకా, నాకు నేర్పుతవా?" అంటిని.

"నీకా సారూ? ఈ వయసుల?" అని నవ్వి, నా సంచిలోని కొత్త బసవన్నను చేతికి తీసికొనెను. వ్రేలి గణుపుతో కడుపుమీద రెండుమార్లు తట్టి వినెను. పిదప దానిని చెంపకు ఆనించుకొనెను.

"సల్లగున్నది. లోపల తడి ఇంక పోలే. వారం దినాలు నీడకు పెట్టు."

శిక్షణాలయములో నేర్పినది సరిగా ఇదియే. తేమ ఆరుచున్నంతవరకు మట్టి చెంపకు చల్లగా తగులును. ఆయనకు ఇది ఎవరు చెప్పిరని అడిగితిని. "అవ్వ చెప్పింది" అనెను. ఆ ఇంట స్త్రీలు సారె ముట్టరు. మట్టి తొక్కుట, దీపంతలు, మూతలు, పిల్లల గురుగులు చేతితో చేయుట వారి పని. చేతిపని పాఠము ఆ ఇంట తల్లులనుండియే వచ్చినదన్నమాట.

ఆవమును ఎట్లు కాల్చునో అడుగగా, మొదట పిడకలతో చిన్న సెగ పెట్టి పొగ పట్టింతుననియు, ఆ పొగలోని చెమ్మ పోయినపిమ్మటనే కట్టె వేయుదుననియు చెప్పెను. నగరములో గంటలు లెక్కించి చేయు పనిని ఈయన పొగ రంగును చూచి చేయును.

ఇప్పుడు ఆదివారములందు ఆయన ఇంటిముందర వేపచెట్టు క్రింద నేనును, మా వీధి పిల్లలు నలుగురును కూర్చుందుము. అందులో ఆయన మనుమరాలు ఒకతె. మట్టి తొక్కుట వంతులవారీ. నా వంతు రెండవ ఆదివారము. పిల్లలకు ఆయన చెప్పునది తక్కువ. గోడ తట్టి, చెవి దగ్గర పెట్టి, "ఇను" అనును. పెండ్లిండ్లకు పోవలసిన ఆదివారములందు పాఠము ఉండదు.

దీపావళికి ఆవము పెట్టుచున్నాడు. దీపంతలన్నియు నడుమ పేర్చెను. పిల్లల బొమ్మలను ఒక్కొక్కటి తట్టి చూచి, మూడింటిని లోనికి తీసికొని, ఒకదానిని ఇంకను ఆరవలెనని తిరిగి ఇచ్చెను. నా బసవన్నను రెండుమార్లు చెంపకు ఆనించుకొని చూచి, "నిన్ను నమ్మితే నా దీపంతలు పోతయి సారూ, అంచుకు పెడతా" అనెను. ఏ అంచునకో ఇంకను నిశ్చయింపలేదు.